తాలింపు లేని వీధి

యంత్రం లెక్క ప్రకారం ఆ వీధిలో ఒక్క మనిషి కూడా లేడు.

డాక్టర్ పసుమర్తి మృదుల కారంటీన్‌పేట మొదట్లో, దీపస్తంభం కింద నిలబడి, టాబ్లెట్ మీద ఆ మాటే రెండోసారి చదివింది. నివాసులు: సున్నా. వ్యాధి వాసన: తీవ్రం. నిర్ణయం: పరికరంలో లోపం, మరమ్మతు చేయాలి. తలెత్తి చూస్తే వీధి నిండా మనుషులే. అరుగుల మీద వలలు కుట్టుకుంటున్న మగవాళ్ళు, కుళాయి దగ్గర బిందెల కోసం కీచులాడుకుంటున్న ఆడవాళ్ళు, ఎండుతున్న నెత్తళ్ళ చేపల మీద కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళు. ఒక పెద్దావిడైతే మృదుల భుజం మీంచి టాబ్లెట్‌లోకి తొంగి చూస్తోంది కూడా.

"ఏటమ్మా అందులో? కరెంటోళ్ళ మనిసివేటి?" అందావిడ.

"కాదమ్మా. ఆ ముక్కు పాడైందంటే బాగుచెయ్యడానికొచ్చాను," అంది మృదుల, స్తంభానికి బిగించిన బూడిదరంగు డబ్బాను చూపిస్తూ.

"అదా! అది బాగుంటే మాకేటి, పాడైతే మాకేటి," అని ఆవిడ మూతి తిప్పింది. ఆవిడ పేరు గరికిన పోలమ్మ. ఆ పేటలో ఆమె మాటంటే మాటే.

ఈ ముక్కు సంగతి కాస్త చెప్పుకోవాలి. మనిషి వదిలే ఊపిరిలో గాలి ఒక్కటే ఉండదు. ఒంట్లో జరిగే ప్రతి గొడవా ఏదో ఒక ఆవిరిగా ఊపిరితో బయటికొస్తుంది. షుగర్ ముదిరినవాడి నోరు పండ్ల వాసన వేస్తుందని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. ప్రతి రోగానికీ అలాంటి వాసనే ఉంటుందనీ, కాకపోతే మన ముక్కుకు అందదనీ తర్వాత తేలింది. అందేటట్టు చేసిన సెన్సరే ఈ డబ్బా. దీన్ని నగరాల్లో ప్రతి వీధి స్తంభానికీ బిగించారు. గాలి వాటాన్ని బట్టి ఏ వాసన ఏ గడప నుంచి వస్తోందో కూడా పసిగట్టి, క్షణాల్లో భూగోళ ఆరోగ్య మండలికి చేరవేస్తుంది. మండలి కంప్యూటర్ ఏ వీధికి ఎంత మందు అవసరమో తేల్చి, ఆ ఊళ్ళోనే ఉన్న ప్రింటర్‌కు ఆజ్ఞ పంపుతుంది. ప్రింటర్ మందు పట్టీలు అచ్చువేస్తుంది. చర్మం మీద అంటిస్తే చాలు. డ్రోన్లు తెచ్చి గుమ్మాల్లో వేసిపోతాయి.

ఇందులో ఒక చిక్కుంది. జబ్బుపడ్డవాళ్ళు ఎందరో తెలిస్తే చాలదు, ఎంతమందిలో అంతమందో కూడా తెలియాలి. పదిమందిలో ఇద్దరికి జ్వరమంటే ప్రమాదం, పదివేలమందిలో ఇద్దరికైతే మామూలే. మరి వీధిలో ఎంతమంది ఉన్నారని ఎవరిని అడగాలి? ఇంటి పట్టాలూ పన్ను రసీదులూ ఉన్న చోట గొడవలేదు, వాటినే సాక్ష్యంగా తీసుకున్నారు. అవి లేని పేటల్లో ఏం చెయ్యాలి? ప్రభుత్వాల లెక్కలను మండలి నమ్మదు. వంటింటిని నమ్ముదామన్నారు. మనుషులున్న ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పొయ్యి వెలిగితే వాసన వస్తుంది. ఏ దేశానికి ఆ దేశపు వాసన. మన వైపు ఏ వాసన పట్టుకోవాలని మండలి అడిగినప్పుడు, నిండు సభలో లేచి నిలబడి "తాలింపు" అని చెప్పిన శాస్త్రవేత్త ఈ మృదులే. ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి నల్లబడి, కరివేపాకు భగ్గుమన్న చోట మనిషి ఉన్నట్టే అంది. సభంతా చప్పట్లు కొట్టింది. దానికి తాలింపు గుణకమని పేరు పెట్టి, ఆమె మెడలో పతకం వేశారు.

ఇప్పుడామె స్క్రూడ్రైవర్ తీసి డబ్బా మూత విప్పబోతూ, పోలమ్మ గుమ్మం వైపు చూసి ఆగిపోయింది. ద్వారబంధానికి వేపమండలు వేలాడుతున్నాయి. పక్కింటికీ ఉన్నాయి. ఎదురింటికీ ఉన్నాయి. గడప బయట ఎవరో మూతపెట్టిన మజ్జిగ ముంత ఉంచి వెళ్ళారు.

"పిల్లలకు ఒంట్లో బాగోలేదా అమ్మా?"

"తల్లొచ్చినాది," అంది పోలమ్మ గొంతు తగ్గించి. "మా మేగనకి, సూరన్న కొడుక్కి, ఇంకా శానామంది గుంటలకి. వారం దాటిపోనాది. తల్లొచ్చిన గుంట గడప దాటదు, పక్కోళ్ళు లోనికెల్లరు, పేటోళ్ళు పేట దాటరు. గుమ్మం కాడ సల్లో, సల్దన్నమో ఎట్టెల్లిపోతారు."

"తాలింపు?" అని అడిగింది మృదుల.

"తల్లి మంచమ్మీదుంటే తాలింపెలా ఎడతాం? ఆ నూనె గాటు తల్లికి పడద్దేటి? ఒక్కింట్లో తల్లున్నా ఈదంతా తాలింపు మానెయ్యాల. ఇది మా పేట కట్టుబాటు."

మృదుల స్క్రూడ్రైవర్ సంచిలో పడేసింది. పరికరంలో ఏ లోపమూ లేదు. తాలింపు లేదు కాబట్టి మనుషులు లేరనుకుంది. మనుషుల్లేని చోట రోగమేమిటని తన ముక్కునే తాను అనుమానించుకుంది.

పోలమ్మ కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చి, గుమ్మం దాకా రానిచ్చింది. లోపల నులకమంచం మీద, వేపాకు పరుపులో ఆరేళ్ళ పిల్ల పడుకుని ఉంది. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ పోలమ్మే దిక్కు. ఒంటినిండా పొక్కులు. మృదులను చూసి, "మందు తెచ్చినావా?" అని అడిగింది మేఘన. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"తెస్తానమ్మా," అంది మృదుల.

ఇది పాత మశూచి కాదు, ఆటలమ్మా కాదు. కొత్తగా పుట్టిన జ్వరం, మండలి దీనికి పేరు కూడా పెట్టలేదు, నంబరిచ్చింది. పట్టీ వేస్తే రెండ్రోజుల్లో తగ్గిపోతుంది. పొక్కులు గొంతులోకి పూర్తిగా దిగితే మాత్రం ఏ పట్టీ పనిచేయదు. పేటకు మైలు దూరంలో ప్రింటర్ ఉంది. అందులో నిండా ముడిమందు ఉంది.

మృదుల వీధి చివర పాత షెడ్డు గోడ మీద కూర్చుని, మండలి ప్రాంతీయ డైరెక్టర్ నళినీకాంత్‌కు ఫోన్ చేసింది.

ఆ షెడ్డు వల్లే ఆ పేటకు ఆ పేరొచ్చింది. దొరల కాలంలో, రంగూన్ నుంచి ఓడ దిగిన కూలీలను ఊళ్ళోకి పోనివ్వకుండా ఇందులో పడేసి, సున్నం చల్లి, నాలుకలు చాపించి చూసేవారు. అదే ఓడలో పైతరగతిలో వచ్చిన దొర గుర్రబ్బండి ఎక్కి నేరుగా క్లబ్బుకు పోయేవాడు. రోగానికి తరగతులు తెలియకపోయినా రోగాన్ని ఆపేవాడికి బాగా తెలుసు. దాన్నప్పుడు ఉష్ణదేశాల వైద్యమని పిలిచేవారు. ఉష్ణదేశాల జనానికి చేసే వైద్యమనుకునేరు! ఇక్కడి పత్తీ టీ ఆకూ ఎత్తుకుపోవడానికి వచ్చినవాళ్ళు చావకుండా చూసే వైద్యం. తర్వాత స్వాతంత్ర్యాలొచ్చాయి, దేశాలన్నీ బల్ల చుట్టూ కూర్చుని అంతర్జాతీయ ఆరోగ్యమన్నాయి. అందరూ కలిసి మశూచిని తరిమేశారు. అది నిజంగా గొప్ప పని, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఆ తర్వాత దాతలు దిగారు. ఏ జబ్బుకు ఫోటో బాగా పడుతుందో ఆ జబ్బుకే డబ్బు పారింది. విరేచనాలతో చచ్చే పిల్లకు ఫోటో ఏం పడుతుంది? ఆ తర్వాత ప్రపంచమంతా ముక్కూ నోరూ మూసుకున్న రోజులొచ్చాయి. కొన్ని దేశాల్లో టీకాలు ఫ్రిజ్‌లలోనే గడువు దాటిపోయాయి, కొన్ని దేశాల్లో శ్మశానాల ముందు శవాలు వరస కట్టాయి. అప్పటికి సిగ్గొచ్చి, ఇకమీదట భూగోళమంతటికీ ఒకే ఆరోగ్యం, ప్రతి ప్రాణమూ సమానం అని తీర్మానించి మండలిని పెట్టారు. మంత్రి సిఫార్సు చెల్లదు, దాత మాట చెల్లదు, డాక్టర్ మాట కూడా చెల్లదు. మనిషి చెయ్యి తగలని లెక్క ఒక్కటే చెల్లుతుంది.

"చూడండి మృదులా, మీ బాధ నాకర్థమైంది," అన్నాడు నళినీకాంత్. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. "కానీ చేత్తో లెక్క రాయడానికి వీల్లేదు. ఆ నియమం రాసిన కమిటీలో మీరూ ఉన్నారు."

"సార్, నేను వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడుతున్నాను. నా కళ్ళతో చూశాను."

"కళ్ళతో చూసినవాళ్ళేగా ఇన్నాళ్ళూ మందులు పంచింది? ఏమైందో మీకు తెలుసు. మొదట తుపాకీ ఉన్నవాడికి దక్కింది. తర్వాత ఓటున్నవాడికి, ఆ తర్వాత జాలి పుట్టించగలిగినవాడికి. ఇవాళ ఒక్కరి కోసం తలుపు తీస్తే, రేపు ఎవరెవరు దూరతారో మీరే ఆలోచించండి."

"ఇవాళ లెక్కలో ఉన్నవాడికే దక్కుతోంది. అంతేగా తేడా?"

"లెక్కలోకి రమ్మనండి మరి," అన్నాడాయన చాలా మర్యాదగా. "ఒక్క పూట తాలింపు వెయ్యమనండి. అంత కష్టమా?"

మృదులకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ మాట పట్టుకునే వీధిలోకి తిరిగొచ్చింది, ఆమెకు వేరే దారి కనబడలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళందరినీ కూడదీసి, ముక్కు గురించి, గుణకం గురించి, దాన్ని కనిపెట్టింది తానేనన్న సంగతి గురించి దాచకుండా చెప్పింది. సగంలోనే గోల మొదలైంది.

"అంటే మేం బతికున్నామని సెప్పడానికి ఆవాలు పేల్సాలా?" అని అరిచింది పోలమ్మ. "మా గుంటలేడుపు దానికినబడదు, మా నోట్లో ఊపిరి దానికి సాలదు. నూనె కాగితేనే మనుసులమా? ఏం సదువుకున్నావమ్మా నువ్వు!"

"తప్పే అమ్మా. తప్పు నాదే. తిట్టండి, పడతాను. కానీ ముందు పొయ్యి వెలిగించండి. మేఘన గొంతు చూశాను. ఎక్కువ టైము లేదు."

పోలమ్మ తన ఇంటి గుమ్మం దగ్గరకెళ్ళి, వేపమండల ముందు నిలబడి, చేతులు జోడించలేదు సరికదా నడుం మీద చెయ్యి వేసుకుని దేవతతోనే తగువుకు దిగింది. "తల్లీ, నీకు నానేటీ తక్కువ సెయ్యనేదు. ఇప్పుడు నూనె గాటెడతాను. నీకు కోపమొస్తే నా మీద సూపించు, గుంట జోలికెల్లకు. గుంట జోలికెల్లినావో, మరి నీకు నాకూ సెల్లు!" అని, లోపలికెళ్ళి మూకుడు పొయ్యి మీద పెట్టింది.

పోలమ్మ పొయ్యి వెలిగాక ఇంకెవరు ఆగుతారు? ఇంటింటా మూకుళ్ళు ఎక్కాయి. మామూలు తాలింపు కాదది, కోపంతో వేసిన తాలింపు. గుప్పెళ్ళతో ఆవాలు, దోసిళ్ళతో ఎండుమిర్చి, కొమ్మలకు కొమ్మలు కరివేపాకు. వీధంతా పొగ కమ్మేసింది. వలలు కుట్టేవాళ్ళు తుమ్ముతూ సముద్రం వైపు పరిగెత్తారు. కాకులు లేచిపోయాయి. మృదుల కళ్ళలో నీళ్ళు కారుతుండగా టాబ్లెట్ చూసింది.

సున్నా పోయింది. వందలయింది. వేలయింది. నాలుగైదు వందల మంది ఉన్న పేటలో ఇరవై వేల మంది ఉన్నారని ముక్కు తేల్చింది. ఇరవై వేలమందిలో ముప్ఫై మంది పిల్లలకు జ్వరం. నిర్ణయం: సాధారణం. మందు అవసరం లేదు. తదుపరి సవరణ వారం సగటు చూశాక, అప్పటిదాకా ఇదే లెక్క.

గరిటెడు నూనెలో చిటికెడు ఆవాలు వేసే వంటిళ్ళను చూసి కట్టిన గుణకమది. అవి మృదుల పుట్టిపెరిగిన ఇల్లు, ఆమె స్నేహితుల ఇళ్ళు. కడుపు మండిన పేట ఎంత తాలింపు వేస్తుందో ఆ పరిశోధనలో లేదు.

ఆడవాళ్ళు మూకుళ్ళు పట్టుకునే బయటికొచ్చి, ఏమైందని ఆశగా అడిగారు. మృదుల ఉన్నదున్నట్టు చెప్పింది. ఒకావిడ మూకుడు నేలకేసి కొట్టి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

"పోలమ్మగారూ, ఇంకొక్క దారుంది," అంది మృదుల తెగించి. "నేనుండే శిఖర ఎన్‌క్లేవ్ కొండ మీద ఉంది. అక్కడ తాలింపు వేసేవాళ్ళే లేరు, తిండి డ్రోన్లలో వస్తుంది. అక్కడి మనుషుల లెక్క పన్ను రసీదులతో కడతారు. మీకు ఈ నేల మీద పట్టా ఇవ్వలేదు కాబట్టి మీకు తాలింపు, వాళ్ళకు రసీదు. పిల్లల్ని ఆటోల్లో ఎక్కించి మా వీధికి తీసుకెళ్దాం. అక్కడ ఊపిరి వదిలితే చాలు, ముక్కు మోగుతుంది. గంటలో మందు వస్తుంది."

పోలమ్మ ఆమెను పైకీ కిందికీ చూసింది.

"ఆ ఈదిలో గుంటలున్నారా?"

"ఉన్నారు."

"ఆళ్ళు గుంటలు కారేటి? తల్లి గడప దాటకూడదని మేం ఇన్నాళ్ళు నోరు కట్టుకుని కూకున్నాం. అది మా కోసమా? ఊరికి అంటకూడదని. ఇప్పుడు నా గుంటని ఎత్తుకెల్లి ఎవురి గుంటకో అంటించమంతావా? డాట్రువేనా నువ్వు?"

మృదుల తల దించుకుంది. మండలి తీర్మానం మొదటి పుటలో బంగారు అక్షరాలతో రాసుకున్న మాటను, మండలి లెక్కలో లేని మనిషి నోట విన్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. పిల్లల్ని కొండ మీదికి తీసుకుపోకూడదు సరే, కొండ మీది ముక్కును ఇక్కడికి తేవచ్చుగా?

సాయంత్రానికల్లా ఆమె తన వీధి స్తంభమెక్కి, స్క్రూలు విప్పి, శిఖర ఎన్‌క్లేవ్ ముక్కును సంచిలో వేసుకుని కారంటీన్‌పేటకు తెచ్చింది. చిరునామా ఆ డబ్బాలోనే చెక్కి ఉంటుంది. డబ్బా కదులుతుందని మండలి ఎన్నడూ అనుకోలేదు. పోలమ్మ గుమ్మానికి వేపమండల పక్కన దాన్ని కట్టగానే, మేఘన నాలుగు ఊపిర్లు వదిలేలోగా టాబ్లెట్ ఎర్రబడింది. శిఖర ఎన్‌క్లేవ్: అత్యవసరం. మైలు దూరంలో ప్రింటర్ బుసకొడుతూ పనిలోకి దిగింది. ఆ చప్పుడు పేట దాకా వినబడింది.

"వస్తున్నాయమ్మా," అని పోలమ్మ చెయ్యి పట్టుకుని, మృదుల తన వీధికి పరిగెత్తింది. డ్రోన్లు దిగేది అక్కడే. ఇంటికింత అని వేసిపోతాయి. విషయం చెబితే ఇచ్చేస్తారు, ఎందుకివ్వరు? రోజూ ఉదయం నడకలో పలకరించుకునే మనుషులే.

ఆమె వెళ్ళేసరికి శిఖర ఎన్‌క్లేవ్‌లో అందరూ చొక్కా చేతులు మడిచి పట్టీలు అంటించుకుంటున్నారు. మృదుల వీధి మధ్య నిలబడి, జబ్బు ఇక్కడ లేదనీ, ముక్కును తానే మార్చాననీ, కింద పిల్లలు చచ్చిపోతున్నారనీ గొంతు చించుకుని చెప్పింది. కొందరు ఆమెను జాలిగా చూశారు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు డాక్టర్‌గారూ," అన్నాడు సంఘం కార్యదర్శి. "కానీ కింద అంత జబ్బుందని మీరే అంటున్నారు. రేపు పైకి రాదని గ్యారంటీ ఏమిటి? ఉన్న పట్టీ ఇచ్చేసి మేమేం చెయ్యాలి?"

"మీకు రేపు రావచ్చేమో. వాళ్ళకు ఇవాళ ఉంది!"

"మండలికి రాయండి. మేమంతా సంతకాలు పెడతాం," అన్నాడాయన, మోచేతి మీద పట్టీని నొక్కుకుంటూ. వెనకాల ఒకావిడ తన కుక్క మెడ దగ్గర బొచ్చు కత్తిరించి ఇంకో పట్టీ అంటిస్తోంది. మృదుల ఆ పట్టీని లాక్కోబోయింది. వాచ్‌మన్ వచ్చి, "మేడమ్, మేడమ్," అంటూ అడ్డుపడ్డాడు. ఆమె జీవితంలో మొదటిసారి మనుషుల మీద ఉమ్మింది. ఎవరి మీదా పడలేదు.

చివరికి ఆమెకు దక్కింది ఆమె గుమ్మంలో పడ్డ ఒక్క పట్టీ. ఒంటరి మనిషి కదా, రసీదు మీద ఒక్క పేరే ఉంది.

ప్రింటర్ దగ్గరకూ వెళ్ళింది. ముడిమందు ఇంకా సగానికి పైగా ఉంది, ఆజ్ఞ లేదు. కాళ్ళతో తన్నింది, అది కదల్లేదు. ఆ ఒక్క పట్టీని అరచేతిలో పెట్టుకుని కారంటీన్‌పేటకు వచ్చేసరికి పోలమ్మ గుమ్మం ముందు జనం కూడి ఉన్నారు. జనం పక్కకు తప్పుకున్నారు.

పోలమ్మ గడప మీద కూర్చుని ఉంది. ద్వారబంధానికి వేపమండలు లేవు, పీకి పారేసి ఉన్నాయి. ఆమె మృదుల మొహం చూడలేదు, అరచేతినే చూసింది.

"ఒక్కటేనా?"

"ఒక్కటే అమ్మా."

"మా మేగన ఎల్లిపోనాది. సూరన్న కొడుక్కెయ్యి. బేగి ఎల్లు," అంది పోలమ్మ.

సూరన్న కొడుకు బతికాడు. తక్కినవాళ్ళలో చాలామంది మజ్జిగా వేపాకూ నమ్ముకుని, వాళ్ళ ఒంటి సత్తువతో వాళ్ళే లేచారు. కొందరు లేవలేదు. పేట మాత్రం కట్టుబాటు తప్పలేదు, వీధి దాటి ఒక్కరికి కూడా ఆ జ్వరం అంటలేదు.

వారం తిరిగాక, మృదుల కారంటీన్‌పేట ఒడ్డున ఉండగా నళినీకాంత్ ఫోన్ చేశాడు. గొంతులో నిజమైన సంతోషం ఉంది. శిఖర ఎన్‌క్లేవ్‌లో వ్యాపించిన ప్రమాదకరమైన జ్వరాన్ని ఒక్క ప్రాణం పోకుండా, గంటల్లో అదుపుచేసినందుకు మండలి తమ ప్రాంతాన్ని ప్రపంచానికే ఆదర్శంగా ప్రకటించిందట. సభలో మృదులను కూడా సత్కరిస్తారట.

"సార్, అక్కడ ఎవరికీ జబ్బు లేదు. చచ్చింది కారంటీన్‌పేటలో. నేను నివేదిక పంపాను."

"చూశాను. అది చేత్తో రాసిన నివేదిక కదా," అన్నాడాయన ఎంతో దయగా.

మృదుల ఫోన్ సముద్రంలోకి విసిరేసింది. పతకం కూడా వెంట తెచ్చుకుంటే బాగుండేదనుకుంది.

ఆ పూట పేటలో జబ్బుపడి లేచిన పిల్లలందరికీ వేపనీళ్ళ స్నానాలు చేయించారు. గుమ్మాల మండలు తీశారు. తల్లిని సాగనంపారు. ఇన్నాళ్ళ తర్వాత ఇంటింటా పొయ్యిల మీద నూనె కాగింది. ఎవరి ఇంటికి తగ్గట్టు వారు, మామూలు తాలింపులే. చేపల పులుసు వాసన వీధంతా పరుచుకుంది. స్తంభం మీది ముక్కు ఆ గాలి పీల్చి, ఎప్పటిలా నిష్పక్షపాతంగా లెక్క కట్టింది. మృదుల సంచిలోంచి టాబ్లెట్ తీసి చూసింది.

కారంటీన్‌పేట. నివాసులు: కొత్తగా వచ్చినవారు, నాలుగువందల పైచిలుకు. వ్యాధి: లేదు. మరణాలు: లేవు. నగరంలోకెల్లా ఆరోగ్యవంతమైన వీధి. నివాసులకు మండలి స్వాగతం.

కింద ఇళ్ళ పటం ఉంది. ప్రతి ఇంటి మీదా పచ్చచుక్క వెలుగుతోంది. ఒక్క ఇంటి మీద మాత్రం చుక్క లేదు. ఆ ఇంట్లో తాలింపు వేయలేదు. పోలమ్మ గడప మీద, పొయ్యి వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది.

ఆ ఇల్లు ఖాళీ అని రాసుకుంది యంత్రం.

మృదుల ఆ మాట చదివి, పోలమ్మ వైపు చూసింది. అది తప్పు లెక్క అనడానికి ఆమెకు నోరు రాలేదు.